దావత్ ఖాన్ నంబరు

అందరూ ఫోనులో మాట్లాడతారు. మా శకుంతల పెద్దమ్మ ఫోనుతో మాట్లాడుతుంది. మాట్లాడుతుంది అన్నది నేను మర్యాదకు వాడిన మాట, నిజానికి కొట్లాడుతుంది. అవతల మనిషి ఉంటే అది వేరే సంగతి. ఆమె కొట్లాడేది మనిషితో కాదు. ఫోను లోపల ఉండి "చెప్పండి, నేను మీకు ఎలా సహాయపడగలను?" అని అడుగుతుందే, ఆ ఆడగొంతుతో. ఆ గొంతుకు మా పెద్దమ్మ పెట్టుకున్న పేరు "గా పిల్ల".

ఈ కొట్లాటకు మూలకారణం నేనే. జనగామ బస్టాండు దగ్గర నాకు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. కొత్తవి అమ్ముతాను, పాతవి బాగుచేస్తాను. మూడేళ్ళ కింద పెద్దమ్మ పెద్దవంగర నుంచి బస్సులో వచ్చి, "అద్దాలు పెట్టుకొని గా చిన్న చిన్న బొమ్మలు నొక్కుడు నాతోని కాదురా. నోటితోని చెప్తే ఇనే ఫోను ఉన్నదట గద, గది ఇయ్యి" అంది. ఇచ్చాను. ఎలా పిలవాలో చూపించాను. దుకాణంలో పదిమంది ఉండగా ఆమె ఫోను నోటి దగ్గర పెట్టుకుని, ఇంటికి కొత్తగా వచ్చిన ఆడపిల్లను పలకరించినట్టే పలకరించింది.

"ఎట్లున్నవ్ బిడ్డా?"

"అట్లు వేసే విధానం ఇదిగో. ముందుగా రెండు కప్పుల బియ్యం నానబెట్టుకోవాలి" అంది ఫోను.

పెద్దమ్మ నావైపు చూసింది. "గిదేందిరా?"

ఫోను ఇంకా వింటూనే ఉంది. "గీత అనే పేరుతో మీ ఫోనులో ఎవరూ లేరు."

"గీతెవ్వలే? నిన్ను గీత గురించి అడిగిన్నా? జర మంచిగ ఇను."

"జ్వరం వచ్చినప్పుడు బాగా విశ్రాంతి తీసుకోవాలి. నీళ్ళు ఎక్కువగా తాగాలి."

"నాకు జ్వరమేందే? నీకొచ్చింది జ్వరం!"

దుకాణమంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. "పెద్దమ్మా, దానికి మన మాట రాదు. పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడాలి. 'నువ్వు ఎలా ఉన్నావు' అనాలి" అన్నాను.

"నేనెందుకు అనాలెరా? నా ఇంటికి అది వచ్చింది గని, దాని ఇంటికి నేను పోలే" అని ఫోను సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

పెద్దమ్మ పుట్టింది టేకుమట్లలో, మెట్టింది పెద్దవంగర మండలంలో. అత్తగారి ఊళ్ళో ఐదేళ్ళు సర్పంచుగా చేసింది. చాలా ఊళ్ళలో భార్య సర్పంచయితే భర్త కుర్చీలో కూర్చుంటాడు. మా పెదనాన్న మాత్రం ఆ ఐదేళ్ళూ పంచాయతీ ఆఫీసు గడప తొక్కలేదు, బర్రెల దగ్గరే ఉన్నాడు. తొక్కనివ్వలేదు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

ఆ రోజుల్లో మండలానికి ఎక్కడినుంచో ఒక కొత్త అధికారి బదిలీ మీద వచ్చాడు. మావాళ్ళు ఇచ్చిన దరఖాస్తులో "మా ఊరిలో రెండు నెలల నుండి కైకిలి దొరుకుత లేదు" అని ఉంది. ఆయన చదివి కంగారు పడ్డాడు. "రెండు నెలలా? ఈ కైకిలి వయసెంత? పోలీసులకు చెప్పారా?" అన్నాడు. వెనకున్న వాళ్ళు నోళ్ళు మూసుకుని నవ్వుతుంటే పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. "కైకిలి అంటే కూలిపని సారు. మీ తప్పు లేదు, డ్యూటీకి కొత్త" అని చెప్పి, మర్నాడు ఒక కాగితం మీద అరవై మాటలు, వాటి పక్కన అర్థాలు రాసి, ఒక డబ్బా సర్వపిండితో సహా ఆయన బల్ల మీద పెట్టింది. మూడు నెలల్లో ఆయన "గట్లనా, మంచిగుంది" అనేదాకా వచ్చాడు. మళ్ళీ బదిలీ అయి వెళ్ళేటప్పుడు ఆయన కన్నీళ్ళు పెట్టుకున్నాడని పెద్దమ్మ అంటుంది, సర్వపిండి కోసమని పెదనాన్న అంటాడు.

ఫోనులో పిల్లను కూడా పెద్దమ్మ అదే లెక్కలో వేసింది. బదిలీ మీద వచ్చింది, నేర్చుకుంటుంది. అది ఏ తప్పు చేసినా, "డ్యూటీకి కొత్త" అనేది.

"మూడేళ్ళయింది పెద్దమ్మా, ఇంకా కొత్తేమిటి?" అన్నానొకసారి.

"సారు పెద్ద సదువు సదివినోడు, మూడు నెలలల్ల వచ్చింది. దీనికి తల్లి లేదు తండ్రి లేడు, ఎవలు నేర్పాలె? జర లేటయితది."

ఈ విషయంలో నా సంగతి కూడా దాచకూడదు. ఫోన్ల రిపేరు నేర్చుకోవడానికి ఆరు నెలలు హైదరాబాదులో ఉన్నాను. నేను నోరు తెరిస్తే చాలు, తోటివాళ్ళు సినిమాలో జోకు విన్నట్టు నవ్వేవారు. రెండు నెలల్లో నోరు కడిగేసుకున్నాను. ఊరికి వచ్చి, "పెద్దమ్మా, మీరు ఎలా ఉన్నారు? భోంచేశారా?" అన్నాను. ఆమె జవాబు చెప్పకుండా లేచి, నన్ను దాటి గుమ్మం దాకా వెళ్ళి, బయటికి తొంగిచూసి వచ్చింది.

"ఎవరికోసం చూస్తున్నారు?" అన్నాను.

"ఎవలో సారు వచ్చినట్టున్నడు గద, నువ్వు ఆయనతోని మాట్లాడుతున్నవ్" అంది.

అప్పటినుంచి నేను వెళ్ళినప్పుడల్లా "సంజయ్ వచ్చిండా, సారు వచ్చిండా?" అని అడిగేది. నేను పట్టించుకునేవాణ్ణి కాదు. దుకాణదారుకు శుభ్రమైన మాట ఉండాలని నా నమ్మకం. ఫోను కొన్న ముసలివాళ్ళందరికీ, "నోరు మార్చుకోండి, ఫోను పనిచేస్తుంది" అని చెప్పి పంపేవాణ్ణి.

ఇక నా పేరు సంగతి. ఒకసారి పెద్దమ్మ తొర్రూరు వెళ్ళే బస్సులో కూర్చుంది. పక్క సీట్లో ఒక కానిస్టేబులు. అప్పుడే నేను ఫోన్ చేశాను. చేసేది ఎవరో ఆమె ఫోను గట్టిగా చదివి చెబుతుంది. బస్సంతా వినబడేలా "గంజాయి నుంచి కాల్ వస్తోంది" అంది.

పెద్దమ్మ స్పీకరు మీదే మాట్లాడుతుంది. నాకేం తెలుసు? "పెద్దమ్మా, సరుకు వచ్చింది. మీకోసం రెండు పక్కన పెట్టాను. ఎప్పుడు వస్తారు?" అన్నాను.

"ఎల్లుండొచ్చి తీసుకపోత. అండాలుకు గూడ ఒకటి పెట్టురా, పాపం ఆమెకు గూడ అలవాటైంది."

మూడో రోజు పెద్దమ్మ నా దుకాణంలోకి రావడం, ఆమె వెనకే ఆ కానిస్టేబులు రావడం ఒకేసారి జరిగాయి. సరుకు చూపించమన్నాడు. చూపించాను. మెడలో వేలాడేసుకునే పూల సెల్‌ఫోన్ సంచులు మూడు. ఆయన వాటిని లోపలికీ బయటికీ తిప్పి చూసి, చివరికి నవ్వేశాడు.

"అమ్మా, ఈయన పేరు గంజాయని ఎందుకు పెట్టుకున్నరు?"

"ఊరందరికి ఫోను అలవాటు చేసినోడు సారు. ఇంకేం పేరు పెట్టాలె?"

నేనూ అదే నిజమనుకున్నాను. పెద్దమ్మ ఎటకారం నాకు కొత్త కాదు.

ఇంతవరకూ బాగానే నడిచింది. పోయిన ఎండాకాలం నుంచి వ్యవహారం ముదిరింది. పెద్దమ్మ చంకలో ఒక నోటుబుక్కు పెట్టుకుని ఊళ్ళో ముసలివాళ్ళ ఇళ్ళు తిరగడం మొదలుపెట్టింది. వాళ్ళ ఎదురుగా కూర్చుని, వాళ్ళ ఫోను వాళ్ళ మూతి దగ్గర పెట్టి, ఒకే మాట పది సార్లు, ఇరవై సార్లు, నలభై సార్లు అనిపిస్తుంది. ఏదో రాసుకుంటుంది. ఎవరైనా తొంగిచూస్తే నోటుబుక్కు మూసేస్తుంది.

ఒకరోజు అండాలవ్వ ఇంటి అరుగు మీద ఈ తతంగం నడుస్తోంది. అండాలవ్వకు డెబ్బై దాటాయి, పళ్ళు లేవు, చూపు మసకబారింది. "సక్రీ! సక్రీ! సక్రీ!" అని గొంతెత్తి అరుస్తోంది. సక్రి పక్క తండాలో ఉండే ఆమె స్నేహితురాలు. ఆ వేళకు అటుగా మేకలు తోలుకుపోతూ, తనకోసమే అరుస్తోందనుకుని గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"ఏందక్కా, ఏమాయె? పాము గిట్ల కరిచిందా?"

"నిన్ను కాదు పో. ఫోన్ల సక్రిని పిలుస్తున్నం" అంది పెద్దమ్మ.

ఈ కార్యక్రమానికి ఊరివాళ్ళు "ఫోనమ్మ జాతర" అని పేరు పెట్టారు. పెద్దమ్మ ఎదురైతే, "సర్పంచమ్మా, ఈసారి జాతర ఎవలింట్ల?" అని అడిగేవారు. ఆమె "మీ అత్తింట్ల" అని వెళ్ళిపోయేది.

నవ్వనిది ఒక్కడే, ఆమె కొడుకు విశాల్. నాకు తమ్ముడి వరస. ఊళ్ళో ఎరువుల దుకాణం ఉంది, ఈసారి సర్పంచుగా నిలబడాలని ఆశ కూడా ఉంది. వాడు నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, అమ్మ తలకాయ ఖరాబైతున్నదే. ముసలోళ్ళను కూసోబెట్టి ఫోనుకు మొక్కిస్తున్నదని ఊరంత నవ్వుతున్నరు. పుస్తకంల ఏం రాస్తున్నవే అంటే చెప్పది. వరంగల్‌ల మెంటల్ డాక్టరు మంచిగ చూస్తడట. వచ్చే ఐతారం తోలుకపోత. నువ్వు జర గా ఫోను గుంజుకో."

"తొందరపడకు, నేను చూస్తాను" అన్నాను. అన్నానే కానీ నాకూ భయం పట్టుకుంది. మా అమ్మ పోయాక నాకు మిగిలిన అమ్మ ఆమె ఒక్కతే.

ఆ గురువారమే పెద్దమ్మ నా దుకాణానికి వచ్చింది. చేతిలో గుడ్డసంచి. సంచిలో పదకొండు ఫోన్లు, పైన తన ఫోను. తరిగొప్పులలో చుట్టాల పెళ్ళికి వెళ్తోంది, శనివారం పొద్దున ఫస్టు బస్సుకు ఊరు చేరుతుందట.

"ముసలోళ్ళ ఫోన్లురా. చార్జింగ్ పిన్నులల్ల పత్తి ఇరికింది. సాఫ్ చేసి రేపు ఊర్ల ఇచ్చిరా. పేర్ల జోలికి పోకు. ఇన్నవా? పేర్లు ముట్టకు."

రెండుసార్లు చెప్పింది. రెండుసార్లు తలూపాను. ఆమె బస్సెక్కగానే మొదట పేర్లే తెరిచాను.

అండాలవ్వ ఫోనులో మొదటి పేరు "దావత్ ఖాన్". ఎవరో బిర్యానీ వంటమాస్టరు అనుకున్నాను. రెండో పేరు "చక్కెర". మూడోది "కాశీ బావి". నాలుగోది "చారు". దర్జీ ఖాసిం భాయ్ ఫోను తీశాను. అందులో "యాసిడ్" అనే మనిషి ఉన్నాడు. ఇంకొక ఫోనులో "పరమేశం పంతులు", "పోస్టు డబ్బా", "కైలాసం". పదకొండు ఫోన్లలోనూ, పెద్దమ్మ ఫోనులోనూ నేను మాత్రం గంజాయినే.

నవ్వు రాలేదు. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. తన ఫోనే కాదు, పాపం కళ్ళు కనపడని ముసలివాళ్ళ ఫోన్లన్నీ పిచ్చి పేర్లతో నింపేసింది. విశాల్ చెప్పింది నిజమే అనిపించింది. వాడికి ఫోన్ చేసి ఒక్కొక్క నంబరూ చదివాను, వాడు అది ఎవరిదో చెప్పాడు. చక్కెర అంటే సక్రి. కాశీ బావి అంటే ఖాసిం భాయ్. చారు అంటే అండాలవ్వ చెల్లెలు సారమ్మ. యాసిడ్ అంటే ఖాసిం భాయ్ కొడుకు యాసర్. దావత్ ఖాన్ నంబరు మానుకోటలోని కంటి దవాఖాన వాళ్ళ వ్యాను డ్రైవరుదట.

దుకాణం షట్టరు సగం దించి, మొత్తం నూట నలభై మూడు పేర్లు దిద్దాను. దీర్ఘం ఉన్నచోట దీర్ఘం, ఒత్తు ఉన్నచోట ఒత్తు. నా జన్మలో అంత శుభ్రమైన పని చేయలేదు. శుక్రవారం సాయంత్రం ఊరికి వెళ్ళి ఇంటింటికీ ఫోన్లు పంచాను. "మంచిగ చేసినవ్ కొడుకా, సల్లగుండు" అని అండాలవ్వ నా తల నిమిరింది. ఆ దీవెన తీసుకుని విశాల్ ఇంట్లో హాయిగా పడుకున్నాను.

శనివారం పొద్దున ఏడున్నరకు చాయ్ తాగుతుంటే ఊళ్ళో గోల మొదలైంది. ఒక ఇంట్లోంచి "యాసర్! యాసర్!" అని కేక. వెనకే ఫోను, "యాసిడ్ ప్రమాదకరమైనది. పిల్లలకు అందకుండా ఉంచండి" అంటోంది. ఇంకో ఇంట్లో ఎవరో "పోచమ్మ" అంటే, "పోస్టు డబ్బా అనే పేరుతో ఎవరూ లేరు" అంటోంది. నాలుగు దిక్కులా ముసలి గొంతులు, వాటికి బదులుగా ఒకే ఆడగొంతు. అన్నిటికంటే గట్టిగా వినిపిస్తున్నది అండాలవ్వ గొంతు.

"దవాఖాన! దవాఖాన! దవాఖాన!"

"దావత్ ఖాన్ అనే పేరుతో మీ ఫోనులో ఎవరూ లేరు."

పరుగెత్తాను. అండాలవ్వ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, బట్టలమూట ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

"ఇయ్యాల నా కంటి ఆపరేషన్ బిడ్డా. రెండు నెలలకు తారీఖు దొరికింది. ఏడు గొట్టంగ వ్యాను ఆయనకు ఫోన్ చేస్తెనే మనూరికి మల్లుతడట. మొన్నటి దాంక మంచిగనే కలిసింది. ఇయ్యాల ఆయన లేడంటున్నదిరా."

నేను ఫోను తీసుకుని నా శుభ్రమైన తెలుగులో "కంటి దవాఖాన వ్యాను డ్రైవరుకు కాల్ చెయ్యి" అన్నాను. వెంటనే కలిసింది. నాకు కలిసింది.

"మీ ఊరి నుంచి ఫోన్ రాకపోతే సీదా వచ్చేసినం సార్. తొర్రూరు దాటినం. తొమ్మిదిన్నర లోపల మీరే తోలుకొస్తే పేరుంటది. లేకుంటే మల్ల రెండు నెలల ముచ్చటే" అన్నాడు డ్రైవరు.

అప్పుడే పెద్దమ్మ బస్సు దిగి వచ్చింది. అండాలవ్వ ముఖం చూసింది, చేతిలో ఫోను చూసింది, తర్వాత నన్ను చూసింది.

"పేర్లు ముట్టినవా?"

"అక్షరదోషాలు ఉంటే దిద్దాను పెద్దమ్మా."

"అక్షరాలకేం దోషం లేదురా గాడిదా! దోషమంత నీ బుర్రల ఉన్నది." తర్వాత విశాల్‌ను కేకేసింది. "కారు తియ్యిరా!"

ఐదు నిమిషాల్లో బయల్దేరాం. విశాల్ నడుపుతున్నాడు, పెద్దమ్మ ముందు సీట్లో, అండాలవ్వ, నేను వెనక. ఊరు దాటాక పెద్దమ్మ సీటు బెల్టు సర్దుకుంటూ నింపాదిగా అడిగింది.

"రేపు నన్ను వరంగల్ తోలుకపోదామనుకున్న కారు గిదేనా బిడ్డా? ఒక్కరోజు ముందుగాలనే ఎక్కినట్టున్న."

విశాల్ చెవులు ఎర్రబడ్డాయి. కారు వేగం దానంతటదే పెరిగింది.

పెద్దమ్మ సంచిలోంచి నోటుబుక్కు తీసి వెనక్కి విసిరింది. "సదువు. మనసుల సదువుకో, అరవకు."

ప్రతి పేజీకీ నడుమ ఒక గీత. గీతకు ఒకవైపు "మనమన్నది". ఇంకొకవైపు "అది ఇన్నది". అండాలవ్వ పేజీలో మనమన్నది "దవాఖాన". అది విన్నవాటి కింద గుండ్రటి అక్షరాలతో వరసగా ఉన్నాయి: దావా కాన, తవ్వకం, దావత్ ఖాన్, దావత్ ఖాన్, తావి కానా, దావత్ ఖాన్... మొత్తం నలభై ఒక్కసార్లు అనిపించింది. ముప్పై మూడుసార్లు అది దావత్ ఖాన్ అని విన్నది. ఆ పేరు చుట్టూ సున్నా చుట్టి, పక్కన "గిదే ఎక్కియ్యాలె" అని రాసింది. ఖాసిం భాయ్ పేజీ, పోచమ్మ పేజీ, పదకొండు మందికి పదకొండు పేజీలు. చివర నా పేరు కూడా ఉంది. సంజయ్ అంటే గంజాయి, పదహారు సార్లకు పదహారు.

ఫోనుకు మాట రాదు, ముసలివాళ్ళకు చూపులేదు, కొందరికి పళ్ళు లేవు. వాళ్ళు అన్నదాన్ని ఫోను ఎలా వింటే, పెద్దమ్మ అలాగే పేరు రాసి పెట్టింది. మూడేళ్ళుగా ఫోన్లు బాగుచేసి బతుకుతున్న నాకు ఈ ఉపాయం తట్టలేదు. తట్టకపోగా, చేసి పెట్టినదాన్ని చెడగొట్టాను.

"గీ ముచ్చట నాకెందుకు చెప్పలే పెద్దమ్మా?" నోట్లోంచి అలా వచ్చేసింది.

పెద్దమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. "సారు దిగిపోయినట్టున్నడు. మా సంజయ్‌గాడు వచ్చిండు" అంది విశాల్‌తో.

నా ప్రశ్నకు జవాబు మాత్రం అండాలవ్వ చెప్పింది.

"నేనే చెప్పొద్దన్న కొడుకా. పండ్లు లేని నోటితోని నేనేదో అంటి, ఫోను ఏదో అనె. వాకిట్ల పోరగాండ్లు పడిపడి నవ్విండ్రు. ఇగ ఫోను ముట్టొద్దనుకున్న. సర్పంచమ్మ వచ్చి, నువ్వు నోరు మార్చకు అక్కా, నీ మాటనే అను, నవ్వెటోళ్ళు నన్ను చూసి నవ్వనియ్యి అన్నది. ఎవలకు చెప్పనని ఒట్టు పెట్టుకున్నది. గీమె ఇయ్యాల పుస్తకం నీ మీద ఇసిరి ఒట్టు తప్పింది గద!"

"నేనేడ చెప్పిన? వాడు సదివిండు" అంది పెద్దమ్మ.

నాకు సిగ్గేసింది. ఎంత సిగ్గంటే, మానుకోట వచ్చేదాకా నోటుబుక్కు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. దుకాణానికి వచ్చిన ముసలివాళ్ళందరికీ నోరు మార్చుకోమని చెప్పింది నేను. ఊరంతా పిచ్చిదనుకున్నా సరే, వాళ్ళ నోరు మారకుండా కాపాడింది ఈమె.

తొమ్మిది ఇరవైకి చేరాం. డ్రైవరు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ ఆయన్ని, "నువ్వేనా దావత్ ఖాన్‌వి?" అని అడిగింది. కాదమ్మా, నా పేరు వేరే అని ఆయన చెప్పబోయాడు కానీ వినే తీరిక ఎవరికీ లేదు. అండాలవ్వను లోపలికి తీసుకుపోయారు. ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు పొద్దున ఇంట్లో పట్టీ విప్పాక ఆమె పెద్దమ్మను మొదటిసారి స్పష్టంగా చూసి, "గింత ముసల్దానివైనవా సర్పంచమ్మా?" అందట.

ఆదివారం వరంగల్ ప్రయాణం ఆగిపోయింది. ఆ రోజంతా నేనూ విశాల్ పెద్దమ్మ ఇంటి ముందు కూర్చుని, దిద్దిన నూట నలభై మూడు పేర్లనూ మళ్ళీ చెడగొట్టాం. నోటుబుక్కు విశాల్ చదివితే నేను ఎక్కించాను. చెడగొట్టడం దిద్దడం కంటే కష్టమని ఆ రోజే తెలిసింది.

"అన్నా, దావత్ ఖాన్‌ల 'ఖా'కు ఒత్తున్నదా?"

"ఉన్నది. మంచిగ చూసి చెప్పు తమ్మీ."

"తప్పులల్ల తప్పులు రానియ్యకుండ్రి" అంది పెద్దమ్మ, మాకు చాయ్ పెట్టి ఇస్తూ. పన్నెండు ఫోన్లలోనూ నా చేత్తో నేనే నన్ను గంజాయి అని రాసుకున్నాను. సాయంత్రం ఊళ్ళో పదకొండు ఇళ్ళలో పదకొండు ముసలి గొంతులు పిలిస్తే పదకొండూ పలికాయి. ఖాసిం భాయ్ కొడుకుతో మాట్లాడి వచ్చి, "మా యాసిడ్ మంచిగున్నడు" అని చెప్పిపోయాడు. విశాల్ తన దుకాణం ముందు బోర్డు కట్టాడు: "ఫోన్లలో పేర్లు ఎక్కించబడును, అమ్మను కలవండి".

పోయిన వారం నా దుకాణం నిండా గిరాకీ ఉండగా పెద్దమ్మ ఫోన్ చేసింది. గొంతులో సంబరం.

"గా పిల్ల నేర్చుకున్నదిరా! ఇయ్యాల పొద్దుగాల ఎట్లున్నవ్ బిడ్డా అంటే, నేను బాగున్నాను, మీరు ఎట్లున్నారు అన్నది. 'ఎట్ల' అన్నదిరా! మూడేండ్లాయె నేర్పవట్టి. దాన్ని పర్మినెంట్ చెయ్యాలె."

నేనూ సంతోషపడ్డాను. "అయితే పాత పేర్లు తీసేసి అసలు పేర్లు పెడుదమా పెద్దమ్మా?"

"వద్దు వద్దు, ఉండనియ్యి. దీన్ని బదిలీ చేసి మల్లొక కొత్తదాన్ని పంపితే ఏం చేద్దువు?"

నిజమే. నేను ఆ ముందుచూపు గురించి ఆలోచిస్తూ, గిరాకీ అంతా వింటున్నారన్న సంగతి కూడా మరిచిపోయి, "గది సరేగని, నువ్వెట్లున్నవ్ పెద్దమ్మా?" అన్నాను.

"రెండు కప్పుల బియ్యం నానబెట్టిన. పొద్దుగూకెవరకు రా, అట్లు ఏస్త" అంది.

దుకాణం ఐదింటికే మూసేశాను.